కందూరి గిన్నెల గది

హుసేనప్ప ఆ పొద్దు దర్గాకు వచ్చేటప్పటికే అగ్గి మీద గుగ్గిలంలా ఉన్నాడు. చేతిలో మున్సిపాలిటీ వాళ్ల ఉత్తరం. తెచ్చి నాగూర్ తాత ముందర పడేశాడు.

"చూడు తాతా, ఏం రాసినారో! నేనడిగింది సమాచారమే కాదంట!"

నాగూర్ తాత ఆ చిన్న దర్గాకు పెద్దదిక్కు. హుసేనప్ప పరుపులు కుట్టుకొని బతికేవాడు. తాత దగ్గర నాలుగు మంచి మాటలు నేర్చుకుందామని చేరి చానా ఏండ్లయింది. మాటలైతే నేర్చుకున్నాడు గానీ, ముక్కు మీది కోపం మాత్రం అట్లనే ఉండిపోయింది.

ఈసారి కోపానికి కారణం ఉందిలే, పాపం. వాళ్ల వీధి ట్యాంకు నీళ్లు నాచు రంగుతో, నీచు వాసనతో వస్తున్నాయి. ఇంటికొకరు మంచమెక్కారు. హుసేనప్ప కూతురు మాబున్నికి కామెర్లు. వీధంతా ఎగిరి దుమికే పిల్ల ఇప్పుడు తల కూడా ఎత్తడం లేదు. కళ్లు పసుపు పచ్చగా తేలిపోయాయి.

ఆఫీసుకు పోయి అడిగితే, "కడుగుతానే ఉన్నాం కదప్పా" అని ఒకటే మాట. ఎవరో చెబితే సమాచార హక్కు కింద అర్జీ పెట్టాడు. దానికొచ్చిన జవాబే ఇది.

తాత ఉత్తరం చదివి, "నువ్వేం అడిగినావో చదువు" అన్నాడు.

హుసేనప్ప అర్జీ నకలు తీసి గొంతెత్తాడు. "మీరసలు మనుషులేనా? మా పిల్లోళ్లకు విషమెందుకు తాపిస్తున్నారు? మీ బిడ్డలైతే ఇట్లనే ఊరుకుంటారా?"

చదివేసి, మెచ్చుకుంటాడేమోనని తాత మొహం చూశాడు. తాత లేచి గిన్నెల గదిలోకి పోయి లోపల గడియ పెట్టుకున్నాడు.

ఆ గది సంగతి చెప్పాలి. చుట్టుపక్కల ఎవరు మొక్కు తీర్చుకొని కందూరి విందు చేసుకోవాలన్నా, వండే గిన్నెలు అక్కడి నుంచే అరువు తీసుకుపోతారు. గడపలో కూర్చొని ఇచ్చేది హుసేనప్పే.

"తాతా! ఏమైంది నీకు?"

"నేను ఆఫీసోణ్ని. నీకు వండుకోను గిన్నె కావాల. అడుగు."

"ఇదేం పరాచకం తాతా!"

"అడుగప్పా."

హుసేనప్పకు ఒళ్లు మండింది. "సరే. ఇన్ని గిన్నెలు పెట్టుకొని తలుపేసుకున్నావే, జాలి లేదా నీకు?"

"జాలి ఈ గదిలో లేదు" అంది లోపలి గొంతు.

"మరి తలుపెందుకు మూసినావు?"

"ఎందుకు అనేది కూడా లేదప్పా. గూళ్లన్నీ వెతికినా."

"మేం పస్తులుండి చావాల్నా?"

"దానికి నన్నడిగితే ఎట్ల?"

హుసేనప్ప తలుపు మీద దబదబా గుద్దాడు. లోపల్నుంచి తాత తాపీగా అన్నాడు. "ఏ గిన్నె కావాలో చెప్పు. ఊరికే ఏడిస్తే నాకేం తెలుస్తుంది?"

ఆ మాట హుసేనప్పదే. మొన్న బేస్తవారం ఒక ఆడమనిషి కందూరి గిన్నెలకు వచ్చి, గడప ముందర తన కష్టాలన్నీ చెప్పుకుంటుంటే ఈయనే అట్లా కసురుకున్నాడు. తాత అప్పుడు అరుగు మీదే ఉన్నాడు.

గుద్దే చెయ్యి ఆగిపోయింది. తర్వాత గొంతు తగ్గించి, "కిటికీ కింద బోర్లించిన పెద్ద డేగిసా, దాని మూత ఇయ్యి తాతా" అన్నాడు.

గడియ తీసిన చప్పుడైంది. ముందు డేగిసా వచ్చింది, వెనకే మూత, ఆ వెనక గడ్డం నిండా బూజుతో తాత.

"వాళ్ల గుండెలో ఏముందో అడిగితే ఎవరిస్తారప్పా? వాళ్ల బీరువాలో ఏముందో అడుగు."

హుసేనప్ప అక్కడే కూర్చొని మళ్లీ రాశాడు. మా వీధి ట్యాంకు ఎప్పుడెప్పుడు కడిగారో ఆ రిజిస్టరు నకలు. ఈ ఏడాది ఆ నీళ్లను పరీక్ష చేయించిన రిపోర్టుల నకళ్లు. ఆ పని చూసే అధికారి పేరు, హోదా. అంతే.

రాసింది చూసుకుంటే ఉప్పూకారం లేని కూడులా ఉంది.

"నా బిడ్డ సంగతి ఒక్క ముక్క లేదు తాతా ఇందులో." కలం కింద పెట్టాడు. "నా కోపమంతా ఏం చేసుకోవాల?"

తాత అతని భుజం మీద చెయ్యి వేశాడు. "పారేసుకోవద్దు. దాపెట్టుకో."

గడువు లోపలే జవాబు వచ్చింది. రెండేండ్లుగా ట్యాంకు కడిగినట్టు రిజిస్టరులో లేదు. పరీక్షల రిపోర్టులు లేవు. అధికారి పేరు మాత్రం ఉంది. కింద సంతకం, ఆఫీసు ముద్ర.

అప్పటికి మాబున్ని గోడకానుకొని గంజి తాగుతోంది. పక్కింటి పిల్లోడు మంచమెక్కాడు.

హుసేనప్ప ఆ కాగితం తీసుకొని దర్గాకు వచ్చాడు. ఈసారి కేకల్లేవు. తాత చేతికిచ్చి నిలబడ్డాడు.

తాత మెల్లగా చదివాడు. మళ్లీ ఒకసారి చదివాడు. అద్దాలు తీసి జేబులో పెట్టుకొని, మూలనున్న చేతికర్ర అందుకున్నాడు.

"ఆ పొద్దు దాపెట్టుకోమన్నానే, ఉందా?"

హుసేనప్ప తలూపాడు.

"ఇప్పుడు తియ్యి. ఆఫీసుకు పోదాం పద."