నూకాలు పెట్టిన కాకి ముద్ద

అనగనగా ఒక ఏరు, ఏటి ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో పడవ నడిపే సత్తెయ్యకి ఒక్కగానొక్క కూతురు నూకాలు. తల్లి లేని పిల్ల, నాయనమ్మ పైడమ్మే పెంచింది. తాను తినే ముందు కాకికో ముద్ద పెట్టాలని నేర్పింది. ఒరే చంటీ, ఊ కొట్టు, నిద్రపోయేవాడికి నేను కథ చెప్పను.

ఒకనాడు సత్తెయ్య చద్దిముంత పడవలో పెట్టి, తెడ్డు మరిచిపోయానని తెచ్చుకోడానికి మళ్ళీ ఇంటికెళ్ళాడు. వద్దన్న పని చెయ్యకపోతే పిల్లలెలా అవుతారు? ఈ పిల్ల పడవెక్కి కూర్చుంది. పైన ఎక్కడో కురిసిన వానకి ఏటికి వరద తన్నుకొచ్చింది. కట్టుతాడు పుటుక్కున తెగింది. అయ్యా అని అరిచేలోగా పడవ పోయి పోయి, సముద్రం దగ్గర మనిషి జాడలేని లంకకి కొట్టుకుని రెండు ముక్కలైంది.

లంకంటే తెలుసుగా, చుట్టూ నీళ్ళు, నడుమ మన్ను. ఏడ్చింది ఏడ్చింది, కళ్ళు వాచేలా ఏడ్చింది. ఏడిస్తే కడుపు నిండుతుందా? చద్దిముంత తీసింది. అలవాటు చొప్పున ఒక ముద్ద పక్కన పెట్టింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఒక కాకి వచ్చి తినేసింది. హమ్మయ్య, నేనొక్కదాన్నే కాదు అనుకుంది పిచ్చితల్లి.

పడవ చెక్క బోర్లించి దాని కింద పడుకుంది. బురదనీళ్ళు ముంతలో తేర్చుకుని తాగింది. చద్ది అయిపోతే రాలిన తాటిపండ్లు తింది. ఏం తిన్నా కాకికి పెట్టాకే. ఒక కాకి రెండైంది, రెండు గుంపైంది. పొద్దుగూకితే చేతులు జోడించి, నీడనిచ్చిన పడవకి దండం, కూడునిచ్చిన తాటికి దండం, తోడునిచ్చిన కాకికి దండం అనేది. ఏదీ, మీరూ అనండి!

చివరికి ఒక్క తాటిపండు మిగిలింది. కడుపు మాడిపోతోంది. పెట్టకు పెట్టకు అంటుంది ఆకలి. పెట్టి తినవే అంటుంది నాయనమ్మ మాట. కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే కాకులకో ముక్క పెట్టింది.

ఇక్కడ ఊళ్ళో వెతికి వెతికి, ఏరు మింగేసిందని అందరూ చేతులెత్తేశారు. సత్తెయ్య మంచం దిగడు. పైడమ్మ మాత్రం రోజూ గోడ మీద ముద్ద పెడుతోంది, తినడానికి కాకి రావట్లేదు. తలెత్తి చూస్తే ఏముందీ, ఊరి కాకులన్నీ సముద్రం వైపున్న లంక దిక్కుకి పోతున్నాయి! లేవరా, పిల్ల అక్కడుంది అంది. కాకులు దేనికి మూగుతాయో తెలీదా అమ్మా అని సత్తెయ్య బావురుమన్నాడు. "చచ్చినదాని కోసమైతే ముందు గద్దలు పోతాయిరా! ఒక్క గద్దయినా ఉందేమో చూడు. ఇవి నా మనవరాలి ముద్దకి పోతున్నాయి" అని కసిరింది పైడమ్మ.

పక్కింటి పడవేసుకుని పరుగున పోయాడు. కాకుల గుంపు నడుమ, బక్కచిక్కి కూర్చునుంది నూకాలు! గుండెకి హత్తుకుని ఎత్తుకెళ్ళబోతే, ఆగయ్యా, దండం పెట్టుకోలేదు అందట. పడవ చెక్కకీ తాటిచెట్టుకీ కాకులకీ దండం పెట్టాకే కదిలింది. ఈసారి సత్తెయ్య కూడా పెట్టాడు.

ఇంటికొచ్చాక పైడమ్మ వేడన్నం కలిపి మొదటి ముద్ద అందిస్తే, పిల్ల దాన్ని తీసుకెళ్ళి గోడ మీద పెట్టింది. బిలబిలమంటూ కాకులన్నీ వాలాయి. నా బిడ్డని నాకిచ్చారు తల్లీ అని వాటికి చేతులెత్తి మొక్కింది ముసల్ది. తర్వాత ముగ్గురూ ఒకే కంచంలో కడుపారా తిన్నారు.

అందుకేనర్రా, పెట్టిన చెయ్యి ఊరికే పోదు. రేపు నేను ముద్ద తీస్తుంటే, కాకికెందుకే అమ్మమ్మా అని ఎవరన్నా అన్నారో, వీపు విమానం మోతే! కథ కంచికెళ్ళింది, కాకి గూటికెళ్ళింది, మీరు దుప్పట్లోకి పొండి.