కోయిల పాట కిందికి దిగదెందుకు?

ఒకప్పుడు కోయిల పాట ఇప్పటిలా ఉండేది కాదు. సంగీతం నేర్చుకునే పిల్లలు మొట్టమొదట పాడతారే, మాయామాళవగౌళ రాగం, అది కోయిలమ్మకు కొట్టిన పిండి. స రి గ మ ప ద ని స అంటూ మెట్టు మెట్టుగా పైకెక్కేది. అది ఆరోహణ. మళ్లీ స ని ద ప మ గ రి స అంటూ తాపీగా కిందికి దిగేది. అది అవరోహణ. ఆ దిగడంలోనే ఉండేది అసలు తీపి!

ఆ తీపి కోసం అడవి అడవంతా మామిడిచెట్టు కింద చేరేది. కోయిలమ్మకు ఎంత గర్వమో! అందుకే ఒక కట్టడి పెట్టింది.

"నేను పైకెక్కి, మళ్లీ కింది 'స'కి దిగేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. రాగం సగంలో తెగితే నాకు ప్రాణం పోయినట్టుంటుంది."

సరేనన్నాయి అన్నీ.

ఆ వేసవిలో కోయిలమ్మ గూట్లో గుడ్లు పెట్టింది. అవునర్రా, అప్పట్లో తన గూడు తనే కట్టుకునేది. ఆ గూటి పక్క కొమ్మమీద కూర్చుని, కళ్లు మూసుకుని, పాట ఎత్తుకుంది. పై 'స' అందుకుందో లేదో, "కావ్! కావ్! కావ్!" అని ఒకటే గోల.

అన్నీ కాకివైపు గుర్రుగా చూశాయి. కోయిలమ్మకు ఒళ్లు మండింది. అయినా కళ్లు తెరవలేదు, గొంతు ఇంకాస్త పెంచింది. ఒక్కో స్వరాన్నీ సాగదీసుకుంటూ దిగింది.

కింది 'స' మీద ఆగి, మెచ్చుకుంటారని కళ్లు తెరిచింది. ఒక్కటీ తలెత్తలేదు. గూటివైపు తిరిగింది.

గూట్లో ఒకే ఒక్క గుడ్డు! పక్కన కాకి రొప్పుతోంది. అది పొడిచిన పోట్లకు తాళలేక, ఉబ్బిన పొట్టతో పాము చెట్టు దిగిపోతోంది.

"పాము ఎక్కుతుంటే మీరెవరూ చూడలేదా?"

"చూశాం," అంది ఉడుత నెమ్మదిగా.

"చూశారా!"

"నువ్వు మొదలుపెట్టినప్పుడే చూశాం. నోరు మెదపొద్దన్నావు కదా కోయిలమ్మా..."

ఇంతమంది! చూస్తూ కూర్చున్నారు! తన పాట చెడకూడదని! తిడదామంటే ఎవర్ని తిట్టాలి? ఆ కట్టడి పెట్టింది తనే.

చివరికి కాకి దగ్గరికి వెళ్లింది. "కాకక్కా, ఈ ఒక్కదాన్నీ నీ గూట్లో పెట్టుకుంటావా? పాట మొదలైతే నాకు ఒళ్లు తెలీదు. నన్ను నేనే నమ్మలేను."

"పెట్టుకుంటాలే. ఏడవకు," అంది కాకి.

మర్నాడు కోయిలమ్మ మళ్లీ పాడబోయింది. పైకి, ఇంకా పైకి వెళ్లింది. పై 'స' చేరగానే, నిన్న కాకి అరిచింది ఇక్కడే కదా అని గుర్తొచ్చింది. ఇక దిగలేకపోయింది.

అప్పటినుంచే కోయిల కాకి గూట్లో గుడ్లు పెడుతుంది. కుహూ, కుహూ అని అంతకంతకూ పైకెక్కి ఠక్కున ఆగిపోతుంది. ఆగి, ఎవరైనా కేకేస్తున్నారేమోనని వింటుంది.