అచ్చియ్యమ్మ పైట

ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు పూర్ణబోధ స్వామికి లేదు. "పద, అలా వెళ్ళొద్దాం" అనేవారు. "స్వామీ, మనిషికి మతి ఉన్నదీ లేనిదీ దేన్నిబట్టి తెలుస్తుంది?" అని శిష్యుడు కామేశం అడిగిన రోజునా అదే మాట అని, ఊరి చివరి పిచ్చాసుపత్రికి తీసుకువెళ్ళారు. తెల్లదొరల కాలం అది.

అక్కడి డాక్టరు మర్యాదస్తుడు, మనవాడే. దగ్గరుండి అన్నీ చూపించాడు. మంచినీళ్ళ రేకు గ్లాసులను గొలుసుతో గోడకు బిగించారు, ఎవరిమీదా విసరకుండా. మంచాల కాళ్ళు నేలలో పాతేశారు. ఆడవాళ్ళకు చీరలు ఇవ్వరు, ఉరి వేసుకుంటారని. గోనెలాంటి ముతకగుడ్డతో కుట్టిన పొడుగు చొక్కాలు తొడుగుతారు. ప్రతిదానికీ ఒక కారణం ఉంది. విన్నప్పుడల్లా కామేశం బుద్ధిగా తల ఊపాడు.

ఒక మూల అచ్చియ్యమ్మ కూర్చుని ఉంది. బిడ్డ పోయాక ఎవరితోనూ పలకడం లేదని అత్తింటివాళ్ళు తెచ్చి వదిలేసిన మనిషి. చేతులు రెండూ తోలుపట్టీలతో వెనక్కి కట్టి ఉన్నాయి.

"ఏ చొక్కా ఇచ్చినా కిందనుంచి బారుగా చింపేస్తుందండీ. చింపడం మానిన రోజున చేతులు విప్పేద్దామనే ఉంది. విప్పినప్పుడల్లా మళ్ళీ అదే పని" అన్నాడు డాక్టరు నొచ్చుకుంటూ.

స్వామి ఆమెను కాసేపు చూసి, ఒక్కసారి విప్పించమన్నారు. విప్పాక తన భుజంమీది ఉత్తరీయం తీసి ఆమె ముందు పెట్టారు. ఇదీ పేలికలైపోతుందనే అందరూ అనుకున్నారు. ఆమె చింపలేదు. రొమ్ముమీదుగా తెచ్చి ఎడమ భుజాన వేసుకుని, మిగిలిన కొసను నడుముకు చుట్టి బిగించుకుంది. అప్పుడు తల ఎత్తింది.

"ఇన్నాళ్ళకి మనిషినయ్యాను బాబూ" అంది.

కామేశానికి అప్పుడు అర్థమైంది. ఇంతకాలం ఆమె చింపుకున్నది పైట కోసం! రోజూ అంతమంది చూశారు, అందరి ఇళ్ళలోనూ ఆడవాళ్ళున్నారు, ఒక్కరికీ తట్టలేదు.

డాక్టరు ముఖం పాలిపోయింది. అయినా, "పొడుగు గుడ్డ లోపల ఉండకూడదు స్వామీ" అన్నాడు.

"ఉండనివ్వండి బాబూ, నేనిచ్చాను."

"మీరు వెళ్ళిపోతారు. రేపేమైనా అయితే జవాబు చెప్పుకోవాల్సింది నేను."

కాపలా ఆడమనిషి వచ్చి పైట లాగేసింది. అచ్చియ్యమ్మ కేక పెట్టి, చేతులు రెండూ రొమ్ముకు అడ్డం పెట్టుకుంది. ఆ చేతులనే పట్టుకుని వెనక్కి విరిచి కట్టారు.

"చూశారుగా, ఎలా తిరగబడుతుందో!" అన్నాడు డాక్టరు, ఉత్తరీయం మడిచి స్వామి చేతిలో పెడుతూ. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు! ఈ కథ ఎప్పుడు చెప్పినా, ఈ మాట దగ్గరికి వచ్చేసరికి నాకు కోపం ఆగదు.

స్వామి ఉత్తరీయం చేత్తోనే పట్టుకుని వీధిలోకి వచ్చారు. దారిన పోయేవాళ్ళు ఆగి కాళ్ళకు దండాలు పెడుతున్నారు. కామేశం కళ్ళు తుడుచుకుని, "కప్పుకోండి స్వామీ" అన్నాడు.

స్వామి నడక ఆపలేదు.

"నేను ఒంటిమీద పైగుడ్డ లేకుండా తిరుగుతుంటే దండాలు పెడుతున్నారు నాయనా. ఆవిడ కప్పుకుంటానంటే చేతులు కట్టేశారు" అన్నారు.