గద్దె మీద ఫోను

చెన్నకేశవులు ఉప్పు మానేసి అప్పటికి పంతొమ్మిది రోజులు. పప్పు చప్పన, మజ్జిగ చప్పన, చివరికి బతుకే చప్పబడిపోయింది. ముందురోజు తన కొట్లో బియ్యం మూట ఎత్తబోయి, కళ్లు తిరిగి దాని మీదే కూలబడ్డాడు. అయినా పట్టు వదల్లేదు. గురువు మాట మరి!

ఆ గురువు మస్తాన్ బాబా. కడప వైపు ఒక చిన్న ఊళ్లో ఉంటాడు. ఆయన దగ్గరికి ఏ మతంవాళ్లయినా వస్తారు. శుక్రవారం మధ్యాహ్నం అందరికీ అక్కడే భోజనం. విస్తళ్లలో అన్నం పడ్డాక బాబా గద్దె దిగి వచ్చి, ఒక్కొక్కరి అరచేతిలో చిటికెడు ఉప్పు పెడతాడు. బంతిలో అందరికీ ఆ ఉప్పు అందితేగానీ ఎవరూ ముద్ద ముట్టరు.

మూడు వారాల తర్వాత బంతికి వచ్చిన చెన్నకేశవులు, ఆ శుక్రవారం బాబా తన ముందుకు రాగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఏమప్పా?"

"ఉప్పు మానమని మీరే గదా బాబా చెప్పినారు!"

"నేనా? ఎప్పుడు?"

చెన్నకేశవులు దర్జాగా ఫోను తీసి చూపించాడు. అందులో బాబా ఫొటో, తల వెనక గుండ్రంగా వెలుగు, కింద ఇంతింత అక్షరాలు: 'ఉప్పు వదిలినవాడికే దేవుడు కనపడతాడు.'

బాబా కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు.

"బాగుంది. కానీ నేననలేదు నాయనా."

"మర్చిపోయింటారు బాబా. పదకొండు చోట్ల ఉంది. రెండు లక్షలమంది లైకు కొట్టినారు!"

బంతి మొత్తం గొల్లున నవ్వింది. బాబా ఫోనును రెండు చేతులా అందుకుని, భక్తిగా తీసుకెళ్లి తన గద్దె మీద దిండుకు ఆనించాడు. తన శాలువా దాని చుట్టూ కప్పాడు. ఉప్పుగిన్నె దాని ముందు పెట్టాడు. తిరిగొచ్చి చెన్నకేశవులు పక్కనే చతికిలబడి, చెయ్యి చాపాడు.

"ఇంక ఆయన్నే పెట్టమను."

అందరూ ఎదురు చూశారు. వంటచేసే మహబూబీ ఉండబట్టలేక, "అన్నం చల్లారిపోతాంది బాబా" అంది.

"నాకు చెప్తావేంటికమ్మా? పెద్దాయన అక్కడున్నాడు గదా!"

ఇంతలో ఫోను వెలుగు ఆరిపోయింది. చెన్నకేశవులు లేచి వెళ్లి, వేలితో తట్టి వెలిగించి వచ్చాడు. మళ్లీ ఆరిపోయింది. మళ్లీ వెళ్లాడు. మూడోసారి లేవబోయేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. పడిపోతున్నవాణ్ణి బాబా గబుక్కున రెక్క పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆ ముసలి చేతి పట్టుకి చెన్నకేశవులుకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"నాయనా, మీ ఇంటికీ ఈ గడపకీ ఎంత దూరం?"

"నాలుగు వీధులు బాబా."

బాబా కళ్లతోనే గద్దె మీది ఫోనును చూపించాడు.

చెన్నకేశవులు గోడ పట్టుకుని గద్దె దాకా వెళ్లి, ఫోను తీసి జేబులో పడేసుకున్నాడు. ఉప్పుగిన్నె తెచ్చి బాబా చేతికిచ్చాడు.

"బాబా, నేను ఉప్పు తినొచ్చునా?" అని అడిగాడు.