గడప ముందు ఖాళీ బిందె

ఆ ఊరివాళ్ళ నీడలు తెల్లనివి. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

ఊరికి ఉన్నది ఒకటే వీధి. పడమటి కొస నుంచి తూర్పు కొస దాకా తిన్నగా సాగుతుంది. పొలాలు తూర్పున ఉన్నాయి. పొద్దున్నే ఊరిపెద్ద బయల్దేరతాడు, ఊరంతా ఆయన వెనక నడుస్తుంది. సూర్యుడు ఎదురుగా ఉంటాడు. సాయంత్రం ఇళ్ళకు తిరిగొచ్చేటప్పుడూ సూర్యుడు ఎదురుగానే ఉంటాడు. నీడలు వెనకెక్కడో పడి ఉంటాయి. నడిచేటప్పుడు పెద్దని దాటడం, వెనక్కి తిరిగి చూడడం, తల దించడం అక్కడ మర్యాద కాదు.

ఆ ఊరికి ఒక తల్లి, చిన్న కూతురిని వెంటబెట్టుకుని, చాలా దూరం నుంచి వచ్చింది. తన దేశంలో వానలు వెనకబట్టాయి. ఇక్కడ నూలుకు రంగు వేసే పని దొరికింది. రంగుల పాక పడమటి కొసన ఉంది. బయటి ఊరివాళ్ళకు ఇచ్చే ఇల్లు తూర్పు కొసన ఉంది. అందుకని ఆమె పొద్దున్నే సూర్యుడికి వీపు పెట్టి, ఊరికి ఎదురు నడవాలి. ఆమె కన్నా ముందు ఆమె నీడ నడిచేది.

అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్ళు తమవాళ్ళు పోతుంటే మొహాలు చూసి పలకరించేవారు. ఆమె వస్తుంటే నేల చూసేవారు.

"నల్లగా ఉంది," అనుకునేవారు.

నల్లనీడ గడప మీద పడితే ఆ ఇంటివాళ్ళు ఒక ఖాళీ బిందె తెచ్చి ఆ మనిషి గుమ్మం ముందు పెడతారు. కోపంగా ఏమీ పెట్టరు. ఆ మనిషి బిందె నింపుకుని వెళ్ళి గడప కడిగి రావాలి. అది ఊరి ఆచారం.

మొదటి బిందె వచ్చిన రోజు తల్లి సిగ్గుతో చచ్చిపోయింది. పాలు పోయడానికి వచ్చిన ఆవిడ ఓదార్చింది.

"నిన్నెవరూ ఏమీ అనలేదమ్మా. నీ నీడనే కదా అన్నది."

"నీడ నాదే కదా అక్కా."

"అదేలే. కానీ నువ్వు వేరు. నువ్వు చాలా శుభ్రంగా ఉంటావు." అని పాలావిడ తన చెంబును గడప బయటే ఉంచి, అక్కడి నుంచే పాలు పోసి వెళ్ళిపోయింది.

తల్లి జాగ్రత్త గల మనిషి. ఇంకో బిందె రాకూడదని నిశ్చయించుకుంది. వీధికి సరిగ్గా మధ్యన నడిచేది. చేతులు ఒంటికి అంటించుకునేది. కూతురి జుట్టు గట్టిగా అల్లి, నీడలో ఒక్క వెంట్రుక కూడా ఎగరకుండా చూసేది.

"గెంతకు. గెంతితే నీడ కూడా గెంతుతుంది."

"నీడకు కాళ్ళు నావేనా అమ్మా?"

"నీవే. అందుకే చెప్తున్నా."

అంత జాగ్రత్త పడినా ఆమెకు అనుమానం తీరేది కాదు. ఫలానా ఇంటి ముందు భుజం అటు ఒరిగిందేమో, చలికాలం కదా నీడ పొడుగు సాగిందేమో. అడిగితే గుర్తు చేసినట్టవుతుందని ఎవరినీ అడిగేది కాదు. పని నుంచి వస్తూ ఒక బిందె నీళ్ళు మోసుకొచ్చి, అనుమానం ఉన్న ప్రతి గడపా తనే కడిగేసేది. ఎవరైనా వేలెత్తి చూపేలోగా కడిగేయడం మేలని ఆమె నమ్మకం. కొన్నాళ్ళకు అనుమానం లేని గడపలు కూడా కడగసాగింది. వీధి తళతళలాడింది. ఆమె గుమ్మం ముందుకు బిందెలు రావడం మానేశాయి. తన పిల్లకు ఇక్కడ ఏ లోటూ ఉండదని ఆమె అనుకుంది.

పిల్లకు బడి ఈడు వచ్చింది. బడి కూడా పడమటి కొసనే ఉంది. తల్లి ఊరిపెద్ద దగ్గరకు వెళ్ళింది.

"అయ్యా, మా అమ్మాయిని బడిలో వేద్దామని."

ఊరిపెద్ద చెడ్డవాడు కాడు. ఆమెకు మంచినీళ్ళు ఇప్పించాడు, దోసిట్లో.

"నాకేం అభ్యంతరం లేదమ్మా. కానీ ఊరు ఒప్పుకోవాలి కదా. మీ నీడ పడని గడప ఈ వీధిలో లేదు."

"ఎప్పుడో మొదట్లో పడిందయ్యా. తర్వాత నేను చాలా జాగ్రత్తగా..."

"మరి రోజూ అన్ని గడపలూ కడుగుతున్నావు. పడకపోతే ఎందుకు కడుగుతావు?"

ఆయన ఆకాశం వంక చూశాడు.

"మిట్టమధ్యాహ్నం పంపించు. నీడ కాళ్ళకిందే ఉంటుంది. ఎవరికీ ఇబ్బంది లేదు."

"మధ్యాహ్నానికి బడి అయిపోతుంది కదయ్యా."

"అవును, అయిపోతుంది," అన్నాడు ఆయన. నిజంగానే నొచ్చుకున్నాడు.

తల్లి ఇంటికి వచ్చింది. పిల్ల బడిసంచీ భుజాన వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకుని చూసుకుంటోంది.

"నన్ను రమ్మన్నారా?"

"ఆలోచిస్తామన్నారు."

"నా నీడ గురించా?"

తల్లి ఊ కొట్టింది.

"వాళ్ళ నీడలు మన గడప మీద పడితే మనం ఏమీ అనం కదా," అంది పిల్ల.

"వాళ్ళవి తెల్లనివి. కనపడవు."

"కనపడతాయి. నువ్వు పనికి వెళ్ళాక మెట్టు మీద కూర్చుని రోజూ చూస్తాను. అందరూ మన ముందునుంచే కదా పొలానికి వెళ్ళేది. వాళ్ళు దాటిపోయాక కూడా నీడలు మన గడప మీదే ఉంటాయి కొంచెంసేపు. పెద్దాయనది అన్నింటికన్నా పొడుగు."

"ఏ రంగు?"

"నీడ రంగు," అంది పిల్ల.

మరునాడు తల్లి పనికి ఆలస్యంగా వెళ్ళింది. తలుపు చాటున నిలబడి చూసింది. ఇన్నాళ్ళూ ఆమె తన నీడను తప్ప దేన్నీ చూడకుండా నడిచింది. ఊరంతా తలెత్తుకుని, ఎండకు కళ్ళు చిట్లించి, ఆమె ఇంటిముందు నుంచి సాగిపోయింది. వాళ్ళ వెనక, ఆమె గడప మీదుగా, ఒకదాని తర్వాత ఒకటి, నల్లని నీడలు పాకుతూ పోయాయి.

ఆమెకు ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. తన దేశంలో అయితే అక్క ఉంది, పక్కింటివాళ్ళు ఉన్నారు. ఇక్కడ పాలావిడ ఉంది. పాలావిడ నీడ కూడా ఆ వరసలో ఉంది. ఉన్న పని పోతే, ఉన్న ఇల్లు ఖాళీ చేయమంటే పిల్లను తీసుకుని ఎక్కడికి పోవాలో ఆమెకు తెలియదు. ఆ రోజంతా రంగు నీళ్ళలో చేతులు పెట్టి అదే ఆలోచించింది. ఆ సాయంత్రం ఏ గడపా కడగలేదు.

తెల్లవారుతుండగా తన బిందె తీసుకెళ్ళి, ఖాళీది, తన ఇంటికి కాస్త దూరంలోనే ఉన్న ఊరిపెద్ద గడప ముందు పెట్టి వచ్చింది.

ఎండ పడ్డాక ఊరిపెద్ద తలుపు తీసి, గడప దిగి తూర్పుకు తిరిగాడు. కాలికి బిందె తగిలింది. అదేమిటో చూడాలంటే తల దించాలి. తల దించాడు.

ఆయన అక్కడే ఆగిపోయాడు. బిందె ఎత్తితే తనకూ నల్లనీడ ఉందని ఒప్పుకున్నట్టే. దాటి వెళ్ళిపోతే ఇక ఈ ఊళ్ళో ఎవరైనా బిందెను దాటి వెళ్ళవచ్చు. ఎవరు పెట్టారని అడగాలంటే వెనక్కి తిరగాలి.

ఆయన వెనక ఊరు చేరింది. పెద్దని దాటి పోకూడదు. వెనక్కి తిరగకూడదు. వీధి పొడుగునా జనం తలలెత్తి, కళ్ళు చిట్లించుకుని, సూర్యుడికి ఎదురుగా నిలబడిపోయారు.

"ఏమైంది?" అని ఎవరో అడిగారు.

"ఏమో, నడవండి," అని ఇంకెవరో అన్నారు. ఎవరూ కదల్లేదు.

బడిగంట కొట్టారు. తల్లి కూతురి చెయ్యి పట్టుకుని వీధిలోకి దిగింది. నిలబడ్డ మనుషుల మధ్య నుంచి ఇద్దరూ పడమటికి నడిచారు. ఎవరూ ఆపలేదు, ఎవరూ పలకరించలేదు. ప్రతి మనిషి వెనకా ఒక నీడ పడి ఉంది.

పిల్ల ఒక్క నీడనూ తొక్కకుండా, చేతులు ఒంటికి అంటించుకుని, మునివేళ్ళ మీద పక్కలకు తప్పుకుంటూ నడుస్తోంది. తల్లి ఆగింది.

"మామూలుగా నడువు తల్లీ."

పిల్ల తలెత్తి చూసింది.

"మామూలుగా అంటే ఎలా అమ్మా?"

తల్లి ఒక అడుగు వేసి చూపించబోయింది. తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.