చెంబెడు నీళ్లకు ముగ్గురు తనిఖీదారులు

అనగా అనగా కొండమీద ఒక చిన్న పల్లె. ఊటనీరు మట్టిగొట్టాల్లో దిగివచ్చి రాతితొట్టిలో పడేది. ఊరివాళ్ల చందాతో నీటికాపరి గవరమ్మ గొట్టాలు బాగుచేయించేది. రాజధాని చెరువుకు జరిగే తనిఖీలన్నీ ఈ పల్లెకూ జరగాలని జలాధికారి చాటించాడు. అప్పటినుంచి ఆ చందా తనిఖీదారుల భత్యానికే సరిపోయింది. గొట్టాలు పగిలాయి, తొట్టి ఎండింది. నీళ్లు పడే చప్పుడు ఎలా ఉండేదో మరిచిపోతానేమోనని గవరమ్మ బెంగపెట్టుకుంది.

మండుటెండలో జలాధికారే పరివారంతో కొండెక్కి వచ్చాడు.

"దాహం! నీళ్లు తే, ముసలీ!"

ఊటదాకా నడిచి తెచ్చిన చెంబును ఆమె ముందుగా పరివారంలోని తనిఖీదారులకు ఇచ్చింది.

"తమరి పద్ధతే కదా దొరా, పరీక్షించనివ్వండి."

రంగు చూసేవాడు, రుచి చూసేవాడు, వాళ్లిద్దరినీ చూసేవాడు తలా నాలుగు గుక్కలు తాగారు. అధికారి చేతికి ఖాళీచెంబు వచ్చింది.

"మరి నాకేవీ?"

"చెరువైతే మిగిలేవి దొరా. మాది చెంబు."

అధికారి ఎండిన తొట్టి వైపు చూశాడు. ఇకమీదట ఏడాదికి ఒకసారి ఒక్కడే వచ్చి చూడాలని, చందా గొట్టాలకే వాడాలని అక్కడే ఆజ్ఞ వేశాడు. అప్పుడు గవరమ్మ రెండో చెంబు తెచ్చి ఇచ్చింది.

కొత్త గొట్టాల్లో నీళ్లు వచ్చిననాడు అందరూ బిందెలతో పరుగెత్తారు. గవరమ్మ మాత్రం ఒట్టిచేతులతో వచ్చి, తొట్టి పక్కన కళ్లు మూసుకుని కూర్చుంది.