స్టూలు ఇటువైపు

ఆ ఉదయం డాక్టర్ సుధీంద్రకు ఒక్కటే దిగులు. హైదరాబాదు నుంచి వస్తున్న నిపుణుల ముందు ఉస్తాద్ నోరు తెరిచి ఏమంటారో అని.

ఉస్తాద్ అంటే ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరు ఫకృద్దీన్. ఆదోనిలో పత్తి వ్యాపారులు పెట్టిన ట్రస్టు నడిపే ధర్మాసుపత్రి అది. ఆయన తెల్లకోటు జేబులో ఒకవైపు స్టెతస్కోపు, ఇంకోవైపు జపం చేసుకునే తస్బీ మాల ఉంటాయి. నాడి పట్టడం, గుండె చప్పుడు వినడం సుధీంద్రకు నేర్పింది ఆయనే. అందరూ ఆయన్ని పెద్ద డాక్టరుగారని పిలిస్తే, సుధీంద్ర ఒక్కడే ఉస్తాద్ అంటాడు. ఆయన ఇతన్ని బేటా అంటారు.

ఆసుపత్రిలో కాగితాలు పోయి కంప్యూటర్లు రావాలని పట్టుబట్టినవాడు సుధీంద్ర. చెదలు పట్టిన చీటీల కట్టలన్నీ ముందేసుకుని ఒక్కో రోగి చరిత్రా తెరమీదికి ఎక్కించాడు. ఆ పని అయ్యేదాకా పెళ్ళిమాట ఎత్తొద్దని ఇంట్లో పోట్లాడాడు. ఈ రోజుతో ఆ కష్టం సంగతి తేలిపోతుంది. నిపుణులు సరేనంటే ట్రస్టు వాళ్ళ ఆసుపత్రులన్నిటిలో ఇదే పద్ధతి పెడతారు. కాదంటే ఇక్కడ కూడా తీసేసి మళ్ళీ కాగితాలకే వెళతారు.

ఉస్తాద్ కంప్యూటర్‌ను ఏనాడూ తిట్టలేదు. మెచ్చుకోనూ లేదు. ఒక్క వేలితో టైపు చేస్తూ, కావలసిన అక్షరం కనబడకపోతే "ఎక్కడ దాక్కున్నావు నాయనా" అని దాన్నే అడుగుతుంటారు. ఆ మాట నిపుణుల ముందు అంటే పరువు పోతుందని సుధీంద్ర భయం.

నిపుణులు ముగ్గురు వచ్చారు. టీ కప్పులు ఇంకా కింద పెట్టకముందే వాదన మొదలైంది.

"రోగి వివరాలకు గట్టి తాళం ఉండాలి. బయటికి పొక్కితే ఎవరు జవాబుదారీ?" అన్నాడు ఒకాయన.

"తాళాలు తర్వాత. ముందు ఆసుపత్రులన్నీ ఒకదానితో ఒకటి కలవాలి. కర్నూల్లో తీసిన ఎక్స్‌రే ఆదోనిలో కనబడకపోతే ఇదంతా ఎందుకు?" అన్నాడు రెండో ఆయన.

ముగ్గురిలో పెద్ద, డాక్టర్ శారదాంబ. కళ్ళజోడు తుడుచుకుంటూ, "డాక్టరు టైపు చేస్తూ కూర్చుంటే వైద్యం ఎవరు చేస్తారు? నాకు ముందు అది చెప్పండి" అంది. తర్వాత ఫకృద్దీన్ వైపు తిరిగి, "మీరేమంటారు సార్?" అని అడిగింది.

సుధీంద్ర ఊపిరి బిగపట్టాడు.

"ముగ్గురూ నిజమే చెప్తున్నారమ్మా" అన్నారు ఫకృద్దీన్. "టీ చల్లారిపోతోంది, తాగండి."

గండం గడిచిందనుకున్నాడు సుధీంద్ర. హుషారుగా కంప్యూటర్ ముందు కూర్చుని, తను గొప్పగా చెప్పుకునే పని చూపించడం మొదలుపెట్టాడు. ఒకే రోగి వచ్చిన ప్రతిసారీ కొత్త కార్డు రాయించుకోవడంతో పాత కాగితాల్లో ఒక్కో మనిషికి రెండు మూడు కార్డులు ఉండేవి. వాటిని పట్టుకుని ఒకటి చేసే పని కంప్యూటర్‌కే అప్పగించాడు. పేరు, ఊరు, భర్త పేరు, ఫోను నంబరు కలిస్తే ఒకే మనిషి కింద లెక్క.

"పోయిన నెల ఒక్క మీట నొక్కాను మేడమ్. జంట కార్డులన్నీ కలిసిపోయాయి."

నిపుణులు ముగ్గురూ మొదటిసారి ఒక్కమాట మీదికి వచ్చి శభాష్ అన్నారు. సుధీంద్ర ముఖం వెలిగిపోయింది. ఫకృద్దీన్ మూలన కుర్చీలో కూర్చుని తస్బీ తిప్పుకుంటున్నారు.

"ఇప్పుడు ఒక రోగిని చూసి చూపించండి" అంది శారదాంబ.

వరుసలో ముందున్న మనిషి లోపలికి వచ్చింది. పత్తి మార్కెట్లో కూలికి వెళ్ళే హుసేనమ్మ. కొంగుకు ఇంకా దూది అంటుకుని ఉంది. గొంతునొప్పి, జ్వరం. బల్లకు అటువైపున్న స్టూలు మీద కూర్చుంది. ఆమెకు కనబడేది కంప్యూటర్ వీపూ, దాని వైర్లూ మాత్రమే.

సుధీంద్ర పేరు కొట్టగానే కార్డు తెరుచుకుంది. తెరమీద పసుపురంగు గంట గణగణలాడింది.

"చూశారా మేడమ్! ఈమెకు గుండె వాల్వు జబ్బు. మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది పడాలి. ఈసారి పది రోజులు దాటిపోయింది. ఆమె మరిచిపోయింది, కంప్యూటర్ మరిచిపోలేదు."

"మరి ఆ ఎర్ర గుర్తు ఏమిటి?" అంది శారదాంబ, తెర మూల చూపిస్తూ.

"పెన్సిలిన్ పడదని పాత కాగితంలో ఎవరో రాసింది. కానీ చూడండి, ఏళ్ళ తరబడి అదే సూది వేస్తున్నారు, ఒక్కసారి కూడా ఏమీ కాలేదు. కాబట్టి ఆ రాతే తప్పు. ఇన్నిసార్లు పడిన సూదికి మళ్ళీ పరీక్ష సూది కూడా అక్కర్లేదు." సుధీంద్ర తెర పక్కనుంచి తల బయటికి పెట్టి, "సూదులు వేయించుకుంటావు కదమ్మా?" అని అడిగాడు.

"ఏయించుకుంటా సార్. నాకేం బయం ల్యాదు" అంది హుసేనమ్మ.

సుధీంద్ర ఎర్ర గుర్తు చెరిపేశాడు. సూది వేయమని మీట నొక్కాడు. నర్సు చేతికి చీటీ పోవక్కర్లేదు, ఆ సంగతి పక్కగదిలో తెరమీద తనంతట తానే కనబడుతుంది. ఆ వేగం చూసి నిపుణులు తలలూపారు.

అప్పుడు లేచారు ఫకృద్దీన్.

ఆయన మెల్లగా బల్ల అటువైపు వెళ్ళి, "కొంచెం లేమ్మా" అన్నారు. హుసేనమ్మ కంగారుగా లేచింది. ఆయన వంగి స్టూలు పట్టుకుని, నిపుణుల కాళ్ళ మధ్యనుంచి తప్పుకుంటూ తెచ్చి, సుధీంద్ర కుర్చీ పక్కన తెరకు ఎదురుగా వేశారు.

"ఇక్కడ కూర్చో."

"ఆడనా సార్? డాక్టర్ల పక్కనా?"

"అక్కడే."

ఆమె స్టూలు అంచున ముడుచుకుని కూర్చుంది. ఇంత మంచి సమయంలో ముసలాయన ఈ తంతు ఎందుకు పెట్టారా అని సుధీంద్రకు చిరాకు వేసింది.

"ఇప్పుడు చదువు బేటా" అన్నారు ఫకృద్దీన్.

"ఏం చదవాలి ఉస్తాద్?"

"ఆమె కార్డు. ఆమెకే. తెలుగులో."

కాదనలేక చదివాడు. పేరు, ఊరు, భర్త హుసేనప్ప. హుసేనమ్మకు ముచ్చటేసింది. ఇంత పెద్ద పెట్టెలో తన మొగుడి పేరు కూడా ఉందని ఆమె అనుకోలేదు.

"పిల్లలు ముగ్గురు."

"ఇద్దరే సార్."

నిపుణుల్లో ఒకాయన చిన్నగా నవ్వాడు. సుధీంద్ర చెవులు వేడెక్కాయి. తొందరగా ముందుకు వెళ్ళాడు. "చిన్నప్పటినుంచి గుండె వాల్వు జబ్బు. మెట్లెక్కితే ఆయాసం."

"ఎవురికి సార్?"

"నీకే."

"నాకు ఆయాసమేంది సార్! పత్తి బేళ్ళు మోస్తాండానే."

సుధీంద్ర తర్వాతి వరుస చదివాడు. "మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది..."

"అది యాడిది? తెల్లగ, పాల మాదిరి ఉంటాదే, పిర్రకేస్తారే, అదా?" హుసేనమ్మ స్టూలు మీదనుంచి లేచి నిలబడింది. "అయ్యో నాయనా! అదొద్దు సార్! మా సిన్నోడు కడుపులో ఉన్నప్పుడు ఏసినారు. గొంతు మూసకపాయ. కండ్లు తేలేసినా. ఈ పెద్దాయప్పే కదా నన్ను బతికిచ్చింది!"

ఫకృద్దీన్ ఆమె ముఖంలోకి పరీక్షగా చూశారు. ఆయన బతికించినవాళ్ళు ఎంతమందో ఆయనకే గుర్తులేదు.

అదే సమయానికి తలుపు తెరుచుకుంది. నర్సు ఎస్తేరు ట్రే పట్టుకుని లోపలికి వచ్చింది. ట్రేలో సూది సిద్ధంగా ఉంది, అందులో మందు పాలలా తెల్లగా ఉంది.

సుధీంద్ర లేచి వెళ్ళి ఆమె చేతిలోంచి ట్రే తీసుకున్నాడు. తీసుకున్నాడు గానీ ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఎస్తేరే దాన్ని మళ్ళీ అందుకుని బయటికి తీసుకెళ్ళింది.

అతనికి అంతా అర్థమైంది. హుసేనమ్మ ఊళ్ళో పీర్లచావిడి ఉంది. పిల్లలు నిలవాలని అక్కడ మొక్కుకుని, హిందువులూ ముస్లింలూ అందరూ అక్కడి పీరు పేరే పెట్టుకుంటారు. అక్కడ ఏ వీధిలో పిలిచినా ఒక హుసేనమ్మ పలుకుతుంది, పక్కన హుసేనప్ప ఉంటాడు. ఫోను నంబరంటే అందరూ కిరాణా కొట్టువాడిదే ఇస్తారు. వయసడిగితే నలభై అంటారు. సుధీంద్ర పుట్టి పెరిగింది ఆదోనిలోనే, ఇదంతా తెలియనివాడు కాదు. మీట నొక్కేటప్పుడు గుర్తుకు రాలేదు, అంతే. ఇద్దరు ఆడవాళ్ళను కలిపి ఒకరిని చేసేశాడు. ఇంకొంచెం ఆలస్యమైతే ఆ ఇద్దరిలో ఒకామె ఉండేది కాదు.

"మేడమ్, తప్పు నాది" అన్నాడు. "మీ నివేదికలో మొదటి వాక్యం అదే రాయండి."

కంప్యూటర్ ఆపేద్దామని చెయ్యి చాపాడు. కష్టమంతా అక్కడితో ముగిసిందనుకున్నాడు. ఫకృద్దీన్ ఆ చేతిని పట్టుకున్నారు.

"ఆపితే ఎలా? ఇంకో హుసేనమ్మ ఎక్కడుంది?"

సుధీంద్ర ఉలిక్కిపడ్డాడు. ఇంకో హుసేనమ్మ! గుండెజబ్బు ఉన్నావిడ. పది రోజులుగా సూది పడనిది ఆమెకే కదా. ఎందుకు పడలేదు? గబగబా వెతికాడు. సరిగ్గా పది రోజుల క్రితం ఆమె వచ్చింది. డ్యూటీలో ఉన్న డాక్టరు ఎర్ర గుర్తు చూసి, పెన్సిలిన్ పడదని వెనక్కి పంపేశాడు. ఆ మాటా తెరమీదే ఉంది, తేదీతో సహా. కాగితాల కట్టల్లో అయితే ఈ సంగతి దొరికేసరికి ఏడాది పట్టేది.

కిరాణా కొట్టుకు ఫోను చేసి ఆమెను పంపమన్నారు. ఈ హుసేనమ్మ గొంతుకు వేరే మందు రాసిచ్చి సుధీంద్ర ఇంటికి వెళ్ళమన్నాడు గానీ, ఆమె కదల్లేదు. "ఆయమ్మ మా పెద్దమ్మ కోడలే సార్. గసపోసుకుంటా ఉండాది పాపం. వచ్చేదాకా నేనీడనే ఉంటా" అంది.

కలిపిన మీట ఉన్నట్టే విడదీసే మీట కూడా ఉంది. సుధీంద్ర కలిపిన కార్డులన్నిటినీ మళ్ళీ విడదీశాడు. తను చెరిపిన ఎర్ర గుర్తును మొదటి హుసేనమ్మ కార్డులో తిరిగి పెట్టాడు. తర్వాత లేచి, ఒక్కో గదికీ వెళ్ళి, ప్రతి బల్ల దగ్గరా స్టూలు తీసి తెరకు ఎదురుగా వేశాడు. ఎవరూ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి జాతరలా ఉంది. ఎవరి కార్డు వాళ్ళకు చదివి వినిపిస్తున్నారని వరండా అంతా పాకిపోయింది. "నాది సదవండి సార్" అని జనం ఎగబడ్డారు. ఒక తాతకు గర్భసంచి తీసేశారని ఉంటే, వరుస వరుసంతా పడీపడీ నవ్వింది, అందరికంటే గట్టిగా తాతే నవ్వాడు. ఒకావిడ తన షుగరు గీత పోయినేటి కంటే కిందికి దిగిందని తెరమీద చూసి, పక్కావిడను పిలిచి చూపించింది. జనం ఎక్కువైపోతే శారదాంబ ఊరుకోలేక తనూ ఒక కంప్యూటర్ ముందు కూర్చుంది. తాళాల ఆయన, ఆసుపత్రులు కలపాలన్న ఆయన కూడా చెరో బల్ల దగ్గర చదువుతూ, దిద్దుతూ చెమటలు కక్కారు.

పొద్దు వాలుతుండగా రెండో హుసేనమ్మ ఆటో దిగింది. ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ ఎక్కుతోంది. మొదటి హుసేనమ్మ ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తను కూర్చున్న స్టూలు మీదే కూర్చోబెట్టింది.

"పెద్దాయప్పా, నాకు సూది పడదంట కదా" అంది ఆమె, ఊపిరి కూడదీసుకుంటూ.

"పడుతుందమ్మా" అన్నాడు సుధీంద్ర. "ముందు నేను చదివేది విను. ఎక్కడ తప్పున్నా ఆపు."

మొదటినుంచి చదివాడు. ముగ్గురు పిల్లలు. పదేళ్ళప్పుడు కీళ్ళవాపు, జ్వరం. ఆ తర్వాత వాల్వు. ఎన్ని సూదులు, ఎప్పుడెప్పుడు. ఆమె ఒక్కచోట కూడా ఆపలేదు. చదవడం అయిపోయాక కళ్ళు తుడుచుకుంది.

"ఔ సార్. అది నేనే" అంది.

ఎస్తేరు సూది వేసింది. గుండె ఎలా ఉందో ఫకృద్దీన్ స్వయంగా విని, పర్వాలేదు, వేళకే వచ్చిందన్నారు. సుధీంద్రకు అప్పుడు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

శారదాంబ కాగితాలు సర్దుకుంటూ అతని దగ్గరికి వచ్చింది. "చాలా ఆసుపత్రులు చూశాను. కంప్యూటర్ ముందు రోగి నవ్వడం ఇక్కడే చూశాను. మొదటి వాక్యం నువ్వు చెప్పిందే రాస్తాను, భయపడకు. కలిపే మీట మాత్రం తీసెయ్యి, ఇక మనిషిని అడిగే కలపాలి. ట్రస్టు వాళ్ళ ఆసుపత్రులన్నిటిలో ఇదే పద్ధతి పెడతాం. స్టూలుతో సహా."

వరండాలో ఉన్న జనానికి సగం అర్థమైంది, సగం కాలేదు. అయినా చప్పట్లు కొట్టారు. ఇద్దరు హుసేనమ్మలూ అందరికంటే గట్టిగా కొట్టారు.

కార్లు వెళ్ళిపోయాక గురుశిష్యులిద్దరే మెట్ల మీద మిగిలారు. సుధీంద్ర పొద్దున్నుంచి మనసులో ఉన్నది అడిగాడు.

"ఉస్తాద్, ఆ కార్డులో తప్పుందని మీకు ముందే తెలుసా?"

ఫకృద్దీన్ తస్బీ జేబులో వేసుకున్నారు.

"తెలీదు బేటా. తెలిసుంటే నేనే చెప్పేవాణ్ణి. తెలీదు కాబట్టే ఆమెను ఇటువైపు కూర్చోబెట్టాను."